పాత ఇంట్లో కట్టెల స్టవ్ పెడుతున్నారా? ముందు పొగగొట్టం చూపించండి

చలికి కట్టెలు రాజేసుకుని, తలుపులు బిగించుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదన్న వార్త మళ్లీ చదివాను. పాత ఇంటికి అందంగా నప్పుతుందని పాతకాలం డిజైన్ పోత ఇనుప స్టవ్ తెచ్చుకుంటున్నామని ఎవరైనా అంటే నాకు టెన్షన్ మొదలయ్యేది అందుకే. నిప్పు దగ్గరికి పిల్లల్ని పోనీయొద్దని మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది.

గోడలో ఉన్న పాత పొగగొట్టానికి కొత్త స్టవ్‌ను నేరుగా తగిలించొద్దు.

స్టవ్ రంగు, తలుపు, కాళ్ల నగిషీ గురించి నెలల తరబడి ఆలోచించినవాళ్లు కూడా గొట్టం లోపలికి ఒక్కసారి తొంగి చూడరు. ‘ఒకప్పుడు ఇందులోంచే పొగ పోయేది కదా’ అంటారు. అప్పుడున్నది తెరిచిన పొయ్యి. దాని పొగతో పాటు గదిలోని గాలి కూడా బోలెడంత పైకి పోయేది కాబట్టి గొట్టం వెడల్పుగా కట్టారు. మూసిన స్టవ్ నుంచి వచ్చే పొగ తక్కువ, నెమ్మది. ఆ వెడల్పాటి గొట్టంలో అది పైకి చేరేలోపే చల్లబడి, తారులాంటి క్రియోసోట్‌గా గోడలకు అంటుకుంటుంది. దానికి ఏదో ఒక రోజు నిప్పంటుకుంటే గొట్టంలో వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. ఇటుకల మధ్య సున్నం రాలిపోయిన చోట ఆ వేడి నేరుగా దూలాలను తాకుతుంది.

అవే పగుళ్లలోంచి కార్బన్ మోనాక్సైడ్ పడకగదిలోకి వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం చూసి జలుబు అనుకుంటారు. ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతోందంటే అది జలుబు కాదు. అందరూ వెంటనే బయటికి వచ్చి, సాయానికి ఫోన్ చేయండి.

అందుకే, పని తెలిసినవాళ్లతో గొట్టం లోపల కెమెరాతో చూపించండి. స్టవ్‌లోంచి పొగ బయటికి వచ్చే నోటి కొలతకు సరిపోయే స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ (పాత గొట్టం లోపల దించే ఇంకో గొట్టం) కింది నుంచి పై కొస దాకా వేయించండి. సగం దాకా వేస్తే చాలనేవాళ్ల మాట వినకండి.

స్టవ్ చుట్టూ కంపెనీ పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదలండి. పుస్తకం లేని పాత స్టవ్ అయితే చెక్క, కర్టెన్లు, సోఫా కనీసం 36 అంగుళాల దూరంలో ఉండాలి. చెక్క ఏళ్ల తరబడి వేడెక్కుతూ ఉంటే తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. కింద చెక్క నేల ఉంటే కాలని పలక తప్పనిసరి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం స్టవ్ ఉన్న గదిలో ఒకటి, పడకగదుల దగ్గర ఒకటి పెట్టండి. కట్టెల్లో తేమ 20 శాతం లోపే ఉండాలి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ వేయొద్దు. రాత్రంతా నిలవాలని గాలి దారి మూసేసి కట్టెల్ని మగ్గబెట్టొద్దు, క్రియోసోట్ పట్టేది అప్పుడే. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పొగను గదిలోకి లాగుతుంది, జాగ్రత్త. బూడిద మూత ఉన్న ఇనుప డబ్బాలోనే, ఇంటి బయటే. ఏటా గొట్టం శుభ్రం చేయించండి. లైనర్ లేకుండా ‘ట్రయల్‌కి ఒక్కసారి’ కూడా వెలిగించొద్దు. గొట్టంలో హోరుమని చప్పుడు వస్తే లోపల మంట అంటుకున్నట్టే; స్టవ్ గాలి దారి మూసి, అందరినీ బయటికి తెచ్చి, ఫైర్ ఇంజన్‌కు ఫోన్ చేయండి. మంట దానంతటదే ఆరిపోయినా సరే, గొట్టాన్ని మళ్లీ పరీక్ష చేయించేదాకా ఆ స్టవ్ ముట్టించొద్దు.