తిరుపతిలో కొళాయికి తెల్ల పెచ్చు కడుతోందా? ముందు సంపు మూత తీయండి

సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. బకెట్ అంచుకు తెల్ల చార. నాలుగు విజిల్స్ వచ్చినా కందిబేడలు పలుకుపలుకుగానే ఉంటాయి. తిరుపతిలో కొత్తగా బాడుగకు దిగినవాళ్ళు ఇవి చూడగానే ఆర్‌వో మిషన్ కొంటారు. మేమూ కొన్నాం. తాగే నీళ్ళు బాగుపడ్డాయి, గీజరు కాయిల్ మాత్రం మళ్ళీ పోయింది.

ఒకరోజు నురగ వస్తుంది, ఇంకోరోజు రాదు
నీళ్ళు కలుస్తున్నాయి. కార్పొరేషన్ ఇచ్చే కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్ళు మామూలుగా బోరు నీళ్ళంత గట్టిగా ఉండవు. బోరు నీళ్ళు బండల సందుల్లో నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని వస్తాయి, గట్టిదనమంటే అదే. చాలా ఇళ్ళలో రెండూ ఒకే సంపులో పడతాయి. రెండు పైపుల కిందా విడిగా ఒక్కో సీసా పట్టండి. మూడో సీసాలో కాచి చల్లార్చి వడకట్టిన బోరు నీళ్ళు పోయండి. మూడింట్లోనూ బట్టల సబ్బు తురుము సమానంగా వేసి ఊపండి. షాంపూ, లిక్విడ్ వద్దు, అవి గట్టి నీళ్ళలోనూ నురగ ఇచ్చి మోసం చేస్తాయి.

కాచిన బోరు నీళ్ళు కాచనివాటికన్నా బాగా నురగ ఇస్తే అది బైకార్బొనేట్ల గట్టిదనం, కాచితే చాలావరకు పోతుంది. తేడా లేకపోతే సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చింది, కాచినా గ్యాస్ దండగే. పటిక కూడా బురదను దించుతుందే గానీ దీన్ని కాదు.

అమ్మేవాళ్ళు టీడీఎస్ మీటరు ముంచి అంకె చూపిస్తే టెన్షన్ పడకండి. అది కరిగిన లవణాలన్నిటి లెక్క. గట్టిదనానికి వేరే పరీక్ష ఉంది: భారత ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళలో లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా.

షవరు సన్నగా వస్తోంది
రంధ్రాల్లో సున్నం పేరుకుంది. షవరు విప్పి, గోరువెచ్చని నీళ్ళలో నిమ్మ ఉప్పు కలిపి ఓ గంట నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దండి. బ్లీచింగ్ పౌడరు దగ్గరికి రానివ్వకండి. నిమ్మ ఉప్పు నీళ్ళు కడప బండ మీద ఒలికితే వెంటనే కడిగేయండి. అదీ సున్నపురాయే, మెరుపు పోతుంది.

గీజరు గరగరమంటోంది, వేడెక్కడం ఆలస్యం
కాయిల్ మీద పెచ్చు. కరెంటు తీసి మెకానిక్‌తో శుభ్రం చేయించండి, ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీ అరిగిందేమో చూడమనండి. వేడి ఎంత పెంచితే పెచ్చు అంత త్వరగా కడుతుంది.

బేడలు ఉడకడం లేదు
కార్పొరేషన్ నీళ్ళలో నానబెట్టి, వాటితోనే ఉడికించండి. అవి లేని రోజు చిటికెడు వంటసోడా, అంతకు మించితే రుచి చెడుతుంది.

ఇల్లంతటికీ సాఫ్ట్‌నర్ (గట్టిదనం తీసే మిషన్) పెడితే పెచ్చు ఆగుతుంది, కానీ అది కాల్షియం తీసి సోడియం వదులుతుంది. బీపీ ఉన్నవాళ్ళు తాగడానికి వేరే లైను ఉంచుకోవాలి. దాంట్లో వేసే ఉప్పు బస్తాల ఖర్చు నెలనెలా ఉంటుంది. మేం అది పెట్టలేదు. ఓనరును ఒప్పించి మిద్దె మీద చిన్న ట్యాంకు పెట్టించాం. కార్పొరేషన్ నీళ్ళు దానికే ఎక్కి వంటింటికీ గీజరుకూ దిగుతాయి, బోరు నీళ్ళు మరుగుదొడ్డికీ మొక్కలకూ.