అమ్మ మోకాళ్ల ఆపరేషన్: ఇంట్లో మొదటి ఆరు వారాలు ఎలా చూసుకోవాలి

మా అమ్మకి 67 ఏళ్లు. రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. ముందు కుడిది, ఎనిమిది నెలల తర్వాత ఎడమది. మొదటిసారి నేను తెలియక చేసిన ఒక తప్పు వల్ల అమ్మ కుడికాలు పూర్తిగా చాపడానికి నాలుగు నెలలు అవస్థ పడింది. రెండోసారి ఆ తప్పు జరగనివ్వలేదు. మీ ఇంట్లో ఎవరికైనా తేదీ ఖాయమై ఉంటే, ఆ తేదీకి ముందే ఇది చదవండి.

ఈ ఆపరేషన్‌ని అందరూ మోకాలి చిప్పల మార్పిడి అంటారు కానీ చిప్పని తీసేసి కొత్తది పెట్టడం కాదు. తొడ ఎముక చివర, కింది కాలి ఎముక పైభాగం అరిగిపోయిన మేరకు పలచగా కోసి, వాటికి లోహపు తొడుగులు అమరుస్తారు. మధ్యలో గట్టి ప్లాస్టిక్ పలక ఉంటుంది. ఈ సంగతి అమ్మకి బొమ్మ గీసి చూపించాక సగం భయం పోయింది.

ముందు ఇంటి సంగతి చూడాలి. మాది తెనాలి దగ్గర పాత ఇల్లు. గదికో గడప, దొడ్లో కింద కూర్చునే మరుగుదొడ్డి. ఆపరేషన్‌కి రెండు వారాల ముందే కమోడ్ కుర్చీ కొన్నాం. నవారు మంచం కుంగుతుంది కాబట్టి పనికిరాదు. గట్టి చెక్క మంచం వేసి, దాని మీద కూర్చున్నప్పుడు మోకాళ్లు తుంటి కంటే పైకి లేవకుండా ఎత్తు చూశాం. కుర్చీకి చేతులు ఉండాలి, లేకపోతే లేవలేరు. నేలమీద పరిచిన కాళ్లు తుడుచుకునే పట్టలన్నీ తీసేయండి. గడప దాటేటప్పుడు వాకర్ నాలుగు కాళ్లూ అవతల నేలమీద ఆనాకే అడుగు వేయాలి. దీన్ని ఆపరేషన్‌కి ముందే, నొప్పితోనే అయినా, రోజూ పదిసార్లు చేయించాను. పూజ కూడా పీట మీద నుంచి బల్ల మీదకి మార్చాం. అమ్మకి అది ఇష్టం లేదు, కానీ కింద కూర్చోవాలనే ఆలోచనే మొదట్లో రాకూడదు.

షుగర్ ఉంటే మూడు నెలల సగటు చెప్పే పరీక్ష (HbA1c) ఒకసారి చేయించుకోండి. అది ఎక్కువగా ఉంటే చాలామంది డాక్టర్లు తేదీ వాయిదా వేస్తారు. వేయాలి కూడా, కీలులో ఇన్‌ఫెక్షన్ చేరితే మళ్లీ కోయాల్సి రావచ్చు. అమ్మ ఒక పిప్పిపన్ను సంగతి దాచింది. అడ్మిషన్‌కి ముందు పరీక్షల్లో బయటపడి మూడు వారాలు ఆగాం. మూత్రంలో మంట, కాలి మీద పుండు, వేళ్ల మధ్య ఒరుపు, ఏది ఉన్నా ముందే చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు, ఎప్పుడు ఆపాలో డాక్టరుగారినే అడగండి.

డబ్బు గురించి ఒక మాట. మోకాలిలో అమర్చే ఆ తొడుగులు, పలక, అంటే ఇంప్లాంట్ల ధరలకి కేంద్రం 2017 ఆగస్టులో పరిమితి పెట్టింది. ప్యాకేజీ ఎంత అని మాత్రమే అడిగి ఊరుకోకండి. బిల్లులో ఇంప్లాంట్ పేరు, ధర విడిగా రాయమనండి. దాని స్టిక్కర్ డిశ్చార్జ్ ఫైల్లో ఉందో లేదో చూసి, ఆ ఫైల్ జాగ్రత్తగా దాచండి. ఎప్పుడైనా మళ్లీ ఆపరేషన్ అవసరమైతే ఆ స్టిక్కరే దారి చూపిస్తుంది.

ఆస్పత్రిలో గడిపే రోజులకి టెన్షన్ పడక్కర్లేదు. అమ్మకి రెండుసార్లూ వెన్నుకి మత్తు ఇచ్చారు, మర్నాడు ఉదయమే వాకర్‌తో నడిపించారు. అసలు కష్టం ఇంటికి వచ్చాకే.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మొదటి రాత్రి అమ్మ నొప్పితో మూలుగుతుంటే చూడలేక మోకాలి కింద దిండు పెట్టాను. హాయిగా నిద్రపోయింది. పది రోజులు అలాగే పెట్టాను. వ్యాయామాలు చేయించడానికి ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మని పడుకోబెట్టి మోకాలి కింద చెయ్యి దూర్చింది. నాలుగు వేళ్లు సులువుగా పట్టాయి. అంటే కాలు పూర్తిగా చాపుకోవడం లేదు. కొంచెం వంగి ఉంటే నొప్పి తగ్గినట్టుంటుంది, అందుకే అందరూ దిండు పెడతారు. కానీ అలా ఉంచితే మోకాలి వెనక కండరాలు బిగుసుకుపోతాయి. కాలు తిన్నగా రాకపోతే నిలబడ్డంతసేపూ తొడ కండరం బిగబట్టే ఉండాలి, నడకలో కుంటు మిగిలిపోతుంది.

అందుకని దిండు మోకాలి కింద వద్దు. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో వేలాడినట్టు కిందికి దిగుతుంది. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పది నిమిషాల దాకా, రోజుకి మూడు నాలుగుసార్లు. తర్వాత కాలు చాపి, మోకాలి వెనక భాగాన్ని పరుపుకి అదిమి, ఐదు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలు పైకీ కిందకీ ఆడించాలి, అది రక్తం గడ్డకట్టకుండా కాపాడుతుంది. వంచడానికి, మంచం అంచున కూర్చుని మడమని నెమ్మదిగా వెనక్కి జరపాలి. కుట్లు తీసే సమయానికి, అంటే దాదాపు రెండు వారాలకి, 90 డిగ్రీలు వంగితే బాగున్నట్టే. నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేయండి. మాత్రలు ఎక్కువైతే కిడ్నీలు పోతాయని అమ్మ దాచేసేది. కిడ్నీ సంగతి డాక్టరుగారితోనే మాట్లాడి, ఆయన రాసిచ్చిన మాత్రలు మానకుండా వేయించాను. వ్యాయామం తర్వాత గుడ్డ చుట్టిన ఐస్ 15 నిమిషాలు. సాయంత్రానికి వాపు బాగా పెరిగితే ఆ రోజు ఎక్కువ చేయించారని అర్థం, మర్నాడు తగ్గించండి.

చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ పత్యం చెప్తారు. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, వంకాయ వద్దు. పుండు మానడానికి మాంసకృత్తులే కావాలి. అమ్మకి రోజూ పప్పు, గుడ్డు, పెరుగు పెట్టాను. కుట్లు శుభ్రంగా మానాయి. పిక్కకి నూనె మర్దన చేస్తామని వస్తే మాత్రం గట్టిగా ఆపండి. అక్కడ రక్తపు గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు. పిక్క వాచి, నొక్కితే నొప్పి పెడుతుంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఇక ఆలోచించకుండా బయలుదేరాలి. కుట్ల నుంచి నీరు కారినా, జ్వరం తగ్గకపోయినా ఫోన్ చేయండి.

మెట్లకి నేను అమ్మకి నేర్పిన మాట: మంచి కాలు మేడకి, ఆపరేషన్ కాలు నేలకి. ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ అయిన కాలు.

తుంటి ఆపరేషన్ అయితే లెక్క వేరు. మా బాబాయికి తుంటి ఎముకకి రక్తం అందక 48 ఏళ్లకే మార్చాల్సి వచ్చింది. అక్కడ భయం కీలు జారిపోవడం. వెనక వైపు నుంచి ఆపరేషన్ చేస్తే, డాక్టరుగారు చెప్పినన్ని వారాలు నడుము దగ్గర 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. పడుకున్నప్పుడు దిండు రెండు కాళ్ల మధ్యన ఉండాలి. ఏ వైపు నుంచి చేశారో అడిగి తెలుసుకోండి, జాగ్రత్తలు దాన్ని బట్టే మారతాయి.

మోకాలు నెలల తరబడి వెచ్చగా ఉంటుంది, నడుస్తుంటే అప్పుడప్పుడు టిక్కుమంటుంది. ఎరుపు, జ్వరం, పెరిగే నొప్పి లేకపోతే దానికి కంగారు పడొద్దు. మచ్చకి బయటివైపు చర్మం మొద్దుబారినట్టు ఉంటుంది. అమ్మ ఇప్పుడు వీధి చివర గుడిదాకా ఒక్కతే వెళ్లొస్తుంది. తిరిగొచ్చి అరుగు మీద వేసిన కుర్చీలో కూర్చుని, ఆ మొద్దుబారిన చోట వేలితో నొక్కి చూసుకుంటుంది, ఇవాళైనా తెలుస్తోందేమోనని.