ఎకరం చెరకు, ఒక్క బోరు: ఎలా మొదలుపెట్టాలి

హైదరాబాద్ నుంచి జహీరాబాద్ వైపు వెళితే చెరకు తోటలు కనబడతాయి. చిన్న రైతుకు ఈ పంట నిలకడైన ఆదాయమే, కానీ ఏడాది పాటు చేతికి డబ్బు రాదు. అందుకే నాటే ముందే చక్కెర ఫ్యాక్టరీతో ఒప్పందం చేసుకోండి. ఫ్యాక్టరీ ఇచ్చే నరుకుడు పర్మిట్ (కోతకు అనుమతి) ఆలస్యమైతే గడ ఎండి తూకం పడిపోతుంది.

ఎండాకాలం బోరు ఎంత పోస్తుందో చూసి విస్తీర్ణం తేల్చుకోండి, వానాకాలం నీళ్లు చూసి కాదు. పిలకలు తొడిగే మొదటి 4 నెలల్లో తడి తప్పితే గడల సంఖ్య తగ్గుతుంది, తర్వాత ఎంత నీరిచ్చినా ఆ లోటు పూడదు.

ఒంటికన్ను ముచ్చెలతో (ఒక్కో కన్ను ఉన్న చిన్న గడ ముక్కలతో) ట్రేల్లో పెంచిన నెల రోజుల నారు నాటండి. సాళ్ల మధ్య 5 అడుగులు, మొక్కల మధ్య 2 అడుగులైతే ఎకరాకు సుమారు 4,350 మొక్కలు పడతాయి. సాలుకొక డ్రిప్ పైపు చొప్పున 2,650 మీటర్లు కావాలి. ఫిల్టర్ కడగకపోతే రంధ్రాలు పూడి చివరి మొక్కలు ఎండుతాయి.

ఖాళీ సాళ్లలో పెసర, మినుము వేయండి. రెండున్నర నెలల్లో వచ్చే ఆ డబ్బు వడ్డీ అప్పును ఆపుతుంది, ఇది మాత్రం వదలొద్దు.

యూరియా ఒకేసారి గుమ్మరించకండి, విడతలుగా ఇవ్వండి. ఆలస్యంగా వేస్తే రసంలో చక్కెర తగ్గుతుంది.

గడను నేలమట్టానికి నరకండి. చెత్త కాల్చకుండా సాళ్లలో పరిస్తే కార్శి తోటకు (నరికిన మోళ్ల నుంచి మళ్లీ చిగురించే చెరకుకు) తేమ నిలుస్తుంది, విత్తనం ఖర్చూ ఉండదు.