రిక్ రైట్‌ను స్మరించుకునే సాయంత్రం ఎలా జరుపుకోవాలి

బెంగళూరు మారతహళ్లిలో ఒక మిత్రుడి గదిలో పదిమంది తెలుగువాళ్లు చేరి బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ కీబోర్డ్ వాద్యకారుడు రిచర్డ్ రైట్‌ను తలుచుకోదలిస్తే, ఆయన 2008లో మరణించిన సెప్టెంబర్ 15వ తేదీ సాయంత్రాన్ని ఎంచుకోవడం సముచితం.

ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. దీపాలు తగ్గించి, ఆ బృందం 1971 నాటి పాట 'ఎకోస్' మొదటి నిమిషం మాత్రం వినిపించండి. పియానో మీద మీటిన ఒకే ఒక్క స్వరం లెస్లీ స్పీకర్ (లోపలి భాగం తిరుగుతూ ధ్వనిని అలలా ఊపే స్పీకర్) గుండా వచ్చి, లోతైన బావిలో నీటిచుక్క పడినట్టు మోగుతుంది. దాన్ని రెండుసార్లు వినిపించాలి, ఎందుకంటే గిటార్ కోసం ఎదురుచూసే చెవి మొదటిసారి దాన్ని దాటిపోతుంది.

మీలో కీబోర్డ్ వాయించేవారుంటే, 1973లో వచ్చిన 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' పియానో భాగాన్ని గాత్రం లేకుండా నెమ్మదిగా వాయించమనండి. ఆ పాట అనగానే అందరూ క్లేర్ టోరీ గొంతునే తలుస్తారు, అది న్యాయమే. కానీ ఆ గొంతుకు ఆధారమైన కార్డ్‌లను (కలిపి మోగే స్వరాల గుచ్ఛాలను) కూర్చినది రైటే.

బృందంలోని బాస్ గిటార్ వాద్యకారుడు రోజర్ వాటర్స్ గొప్పా, గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ గొప్పా అన్న వాదన తప్పక వస్తుంది. ఆ వాదన హోరులోనే రైట్ మరుగునపడ్డారని నా నమ్మకం కనుక, దాన్ని మర్యాదగా ఆపి, ఆయన పోయిన కొద్ది రోజులకే గిల్మోర్ బ్రిటిష్ టెలివిజన్‌లో నివాళిగా పాడిన, రైట్ స్వయంగా రాసిన 'రిమెంబర్ ఎ డే' వినిపించండి.