ముంబై చోర్ బజార్‌కి వెళ్తున్నారా? ఇలా తిరగండి, ఇలా కొనండి

ముంబై వెళ్లినవాళ్లు గేట్‌వే చూస్తారు, మెరైన్ డ్రైవ్‌లో ఫొటోలు దిగుతారు, కొలాబాలో నాలుగు జతల చెవిపోగులు కొనుక్కుని రైలెక్కేస్తారు. పాత వస్తువుల పిచ్చి కాస్తయినా ఉన్నవాళ్లు మాత్రం ఒక పూట మటన్ స్ట్రీట్ కోసం పక్కన పెట్టుకోవాలి. భేండీ బజార్ పక్కనే, చోర్ బజార్ అని లోకమంతా పిలిచేది దాన్నే. నేను నాలుగుసార్లు వెళ్లాను, అందులో రెండుసార్లు శుభ్రంగా మోసపోయి వచ్చాను కాబట్టి ఇది రాసే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

అసలు పేరు శోర్ బజార్ అనీ, అంటే గోల బజార్ అనీ, అది తెల్లదొరల నోట్లో పడి చోర్ అయిందనీ ఒక కథ చెప్తారు. విక్టోరియా మహారాణి బొంబాయి వచ్చినప్పుడు ఓడలోంచి దించుతున్న సామాన్లలో కొన్ని మాయమై తర్వాత ఇక్కడ తేలాయని ఇంకో కథ. ఆవిడ మన దేశంలో అసలు అడుగే పెట్టలేదు! ఇదంతా ఎందుకంటే, ఈ బజార్లో ప్రతి వస్తువు వెనకా ఇలాంటి కథ ఒకటి సిద్ధంగా ఉంటుంది. చేతిలో ఉన్న వస్తువుకి డబ్బులిస్తున్నామా, వాడు చెప్పిన కథకి ఇస్తున్నామా అని కొనే ముందు ఒక్కసారి అనుకుంటే చాలు, చాలావరకు బయటపడతారు.

ఏ రోజు వెళ్లాలో ముందు తేల్చుకోండి

ఇక్కడ నిజానికి రెండు బజార్లున్నాయి. శనివారం నుంచి గురువారం వరకు షాపుల బజార్. పొద్దున 11 ప్రాంతంలో షట్టర్లు లేస్తాయి, సాయంత్రం ఏడు దాటాక దించేస్తారు. గడియారాలు, గ్రామఫోన్లు, సినిమా పోస్టర్లు, ఇత్తడి సామాను, చెక్క ఫర్నిచర్, షాండిలియర్లు, కెమెరాలు అన్నీ ఈ షాపుల్లోనే. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇదే మంచిది.

శుక్రవారం జుమ్మా కాబట్టి షాపులు మూసేస్తారు, రోడ్డు మీద మాత్రం తెల్లవారకముందే వేరే సంత పుడుతుంది. దుప్పట్లు పరిచి, వాటి మీద బూట్లు, డ్రిల్లింగ్ మిషన్లు, ఛార్జర్లు, రిమోట్లు, ఒంటి స్పీకర్లు గుట్టలు పోస్తారు. కొనేవాళ్లు ఫోన్ టార్చ్ వేసుకుని వంగి వంగి చూస్తుంటారు. కాస్త అవతల దో టాంకీ, కామాటిపుర వైపు డేఢ్ గల్లీలో అయితే బూట్ల కోసమే జనం నాలుగింటికి వస్తారు, ఎనిమిది దాటితే ఏమీ మిగలదు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది కానీ తోడు లేకుండా వెళ్లకండి, ఆ టైములో ఆడవాళ్లు దాదాపు కనపడరు.

నా మొదటి మోసం అక్కడే. తెల్లటి స్పోర్ట్స్ షూ, దాదాపు కొత్తవి, 1,200 చెప్పి 500కి ఇచ్చాడు. హోటల్‌కి వచ్చి వేసుకుంటే ఎడమ కాలుది 9, కుడి కాలుది 8. చీకట్లో ఒక్క కాలికే వేసుకుని చూశాను మరి.

అన్నట్టు, కామాటిపుర అనే పేరు మనవాళ్లదే. నిజాం రాజ్యం నుంచి, అంటే ఇప్పటి తెలంగాణ వైపు నుంచి కట్టడం పనులకి వలస వెళ్లిన కామాటీలు అక్కడ స్థిరపడటంతో ఆ పేరొచ్చింది.

ఎలా చేరాలి

సీఎస్‌ఎంటీ రైల్వే స్టేషన్ నుంచి పెద్ద దూరమేం కాదు. లోకల్ రైలెక్కితే మస్జిద్ తర్వాత వచ్చే సాండ్‌హర్స్ట్ రోడ్ స్టేషన్‌లో దిగి నడవచ్చు, వెస్టర్న్ లైన్లో వచ్చేవాళ్లకి గ్రాంట్ రోడ్ స్టేషన్. ఆటో కోసం చూసి టైం వేస్ట్ చేసుకోకండి, దక్షిణ ముంబైలో ఆటోలు తిరగవు, నల్ల పసుపు టాక్సీయే గతి. డ్రైవర్‌కి మటన్ స్ట్రీట్ అంటే చాలు, తెలీదంటే జేజే హాస్పిటల్ పేరు చెప్పండి. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ రోడ్డుకీ, మౌలానా షౌకత్ అలీ రోడ్డుకీ మధ్యలో ఉంటుంది ఈ వీధి. పక్కన పెద్ద పెద్ద కొత్త టవర్లు కనిపిస్తే దారి తప్పామని కంగారు పడకండి, భేండీ బజార్‌ని 16.5 ఎకరాల మేర కూల్చి కొత్తగా కడుతున్న ప్రాజెక్టు అది.

జేబులో ఏం ఉండాలి

చిన్న అయస్కాంతం ఒకటి (పాత స్పీకర్‌లోది పీకినా చాలు), టేపు, టార్చ్, భూతద్దం దొరికితే ఇంకా మంచిది. యూపీఐ చాలాచోట్ల తీసుకుంటారు కానీ బేరం తెగేది నోట్లతోనే, అందుకని వందలు, రెండొందలు విడిగా పెట్టుకోండి. మెడలో పెద్ద కెమెరా, చేతిలో ట్రాలీ సూట్‌కేసుతో వెళ్లారో, ధర అక్కడే రెట్టింపు.

మొదటి రౌండ్ ఉత్త చేతుల్తో

వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏమీ కొనకుండా ఒకసారి నడవండి. కష్టమే, నాకు తెలుసు. కానీ మొదటి షాపులో 'ఒక్కటే పీస్ సాబ్' అన్న దీపం ఐదో షాపులో, తొమ్మిదో షాపులో కూడా వేలాడుతుంటుంది. ఒకే రకం వస్తువు, ఒకే రకం మచ్చలతో మూడు చోట్ల కనిపించిందంటే అది ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని అర్థం.

వస్తువుని ఎలా చూడాలి

ఇత్తడికి అయస్కాంతం పెట్టండి, అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. నల్లబడింది కాబట్టి పాతదే అనుకోవద్దు, కొత్త ఇత్తడిని మందు పూసి ఒక్క రోజులో నల్లగా చేస్తారు. నిజంగా ఏళ్ల తరబడి వాడిన చెంబు చెయ్యి తగిలే చోట నున్నగా అరిగి, మూలల్లో మాత్రం మురికి పట్టి ఉంటుంది. మందు పూసింది అంతటా ఒకేలా నల్లగా ఉంటుంది.

ఓడ దిక్సూచిలు, మడత దుర్భిణీలు, ఇసుక గడియారాలు బోలెడు కనపడతాయి. లండన్ అనీ, 1885 అనీ అందంగా చెక్కి ఉంటాయి. నా రెండో మోసం ఇదే, 1,800 పోసి కొన్నాను. ఉత్తరాఖండ్‌లోని రూర్కీలో ఇలాంటివి దండిగా తయారవుతాయి. టేబుల్ మీద పెట్టుకోవడానికి బావుంటే, కొత్తవాటి ధరకి, కొత్తవే అనుకుని కొనుక్కోండి, తప్పేం లేదు.

గ్రామఫోన్ దగ్గర ఇంకా జాగ్రత్త. ధగధగ మెరిసే పెద్ద ఇత్తడి గొట్టం, దాని మీద కుక్క బొమ్మ, కింద కొత్త వార్నిష్ వాసన కొడుతున్న చెక్క పెట్టె... వీటిలో ఎక్కువ భాగం పాత సూట్‌కేసు గ్రామఫోన్ లోంచి తీసిన మోటారుకి కొత్త పెట్టె, కొత్త గొట్టం తగిలించినవే. పాట వస్తుంది, అలంకారానికి పనికొస్తుంది, కానీ అసలైన పాతదాని ధర పెట్టకూడదు. కొంటే సూదుల డబ్బా కూడా అడిగి తీసుకోండి, ఉక్కు సూదిని రికార్డు ఒక వైపు పాడగానే మార్చేయాలి, లేదంటే రికార్డు అరిగిపోతుంది. రికార్డుల గుట్టల్లో 'మద్రాసీ హై క్యా' అని అడిగి చూడండి (మనకి ఒళ్లు మండినా ఆ మాటే పనిచేస్తుంది), అడుగున దుమ్ములోంచి ఒక్కోసారి ఘంటసాల, లీల గొంతులు బయటపడతాయి.

పోస్టర్లకి వేలు చాలు. పాతకాలం పోస్టర్లు మడిచి థియేటర్లకి పంపేవారు, కాబట్టి అసలుదానికి మడత గీతలుంటాయి, అవి వేలికి తగులుతాయి, వెనక్కి తిప్పితే వెనక కూడా కనపడతాయి. దాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేసిన కాపీలో మడత గీత కూడా అచ్చయిపోయి ఉంటుంది, కానీ వేలికి నున్నగా తగులుతుంది.

గోడ గడియారం కొనాలంటే తొందరపడకండి, అరగంట పట్టినా ఫర్లేదు. ముందు తలుపు తీసి డయల్ చూడండి. తాళం తిప్పే రంధ్రాలు రెండుంటే ఒకటి టైముకి, రెండోది గంట కొట్టడానికి. రెండూ మీరే తిప్పి చూడండి, ఒకటి ఊరికే గిరగిర తిరిగిందంటే స్ప్రింగు పోయినట్టే. తర్వాత లోపల టార్చ్ వేసి వెనక చెక్క చూడండి, వాడని పాత మేకు రంధ్రాలు ఎక్కువగా కనిపిస్తే మిషన్ మార్చారని అనుమానించాలి. కొన్నింటిలో ఏకంగా బ్యాటరీ మిషన్ పెట్టేసి ఉంటుంది! ఆఖర్న గోడకి నిటారుగా తగిలించమని చెప్పి చెవి దగ్గర పెట్టుకుని వినండి. టిక్కుకీ టాక్‌కీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటుతున్నట్టు వినిపిస్తే పెట్టెని కాస్త అటూ ఇటూ జరిపి చూడండి, ఒక్కోసారి ఆ వంపు సరిచేస్తే చాలు, రోగమేమీ ఉండదు.

నాణేల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తా. ఈస్టిండియా కంపెనీ 1818లో వేసిందంటూ రాముడు, హనుమంతుడు ఉన్న నాణెం చూపిస్తే నవ్వేసి ముందుకెళ్లండి. కంపెనీ అలాంటి నాణేలు వెయ్యలేదు. బియ్యాన్ని లాగే నాణెమని మన ఊళ్లలో లక్షలు గుంజే రైస్ పుల్లింగ్ మోసగాళ్లు చూపించేవి కూడా ఇలాంటివే.

బేరం

షట్టర్ లేచిన మొదటి గంటలో వెళ్తే బోణీ బేరం దొరుకుతుంది. బోణీ నమ్మకం వాళ్లకీ మనంత ఉంది, మొదటి గిరాకీని ఉత్త చేతుల్తో పంపడానికి మనసొప్పదు. హిందీ రాదని టెన్షన్ పడక్కర్లేదు, వచ్చీరాని హైదరాబాదీ హిందీలో 'నక్కో భాయ్' అంటే వాళ్లకి నవ్వొస్తుంది, నవ్వించాక బేరం సులువు.

మీకు కావాల్సిన వస్తువుని ముందు అడక్కండి. దాని పక్కది అడగండి, తిప్పి చూడండి, పెట్టేయండి, అప్పుడు 'అదెంత' అని పోతూ పోతూ అన్నట్టు అడగండి. చెప్పినదాంట్లో మూడో వంతు దగ్గర మొదలుపెట్టి సగం దగ్గర ఆగితే మర్యాదైన బేరం. నా గడియారానికి 7,000 చెప్పాడు. నేను 2,500 అన్నాను. 'చచా, గంట సరిగ్గా కొట్టట్లేదు, రిపేరు నాదేగా' అంటే పెద్దాయన గడియారం వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసి, చాయ్ చెప్పి, 3,400 దగ్గర ఒప్పుకున్నాడు. చాయ్ తాగాం కదా అని కొనితీరాలనేం లేదు. కానీ మీరు ఒక ధర అని, అతను సరే అన్నాక వెనక్కి పోవడం మాత్రం పద్ధతి కాదు, అక్కడ గొడవలయ్యేది దాని మీదే.

ఆకలేస్తే మహమ్మద్ అలీ రోడ్డు పక్కనే ఉంది. మాంసం తినేవాళ్లు నల్లి నిహారీ వదలకండి, తిననివాళ్లకి మట్టి మూకుళ్లలో పోసిన ఫిర్నీ.

ఏవి ముట్టుకోకూడదు

సెకండ్ హ్యాండ్ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు బిల్లు లేకుండా వద్దు. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కొంటే కొన్నవాడికీ శిక్ష ఉంది, భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షన్. ఫోన్ తప్పదనుకుంటే స్టార్, హాష్, 06, హాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు) తీసి, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో అక్కడికక్కడే చెక్ చేసుకోండి. ఏనుగు దంతం అని చెప్పి ఏం చూపించినా, నిజమైతే నేరం, అబద్ధమైతే మోసం.

అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చి కొనేవాళ్లకి ఇంకోటి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాలు, చిత్రాలు, కళాఖండాల వంటివి, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు దేశం దాటించకూడదు. అమ్మేవాడు '150 ఏళ్లది సాబ్' అని ఒట్టేసి మరీ చెప్తే, అది అబద్ధం కావాలని మీరే దేవుణ్ణి మొక్కుకోవాలి. పాతదిలా కనపడే విగ్రహం లాంటిదైతే, పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే సర్టిఫికెట్ లేకుండా ఎయిర్‌పోర్టుకి పట్టుకెళ్లకండి.

ఇంటికి ఎలా తేవాలి

షాపువాళ్లు న్యూస్‌పేపర్లో చుట్టి ఇస్తారు, అది చాలదు. మీ బట్టల మధ్య పెట్టండి. పోస్టర్లకి గట్టి అట్ట గొట్టం అడిగి తీసుకోండి, మళ్లీ మడవద్దు. 78 స్పీడు రికార్డుల్ని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా నిలబెట్టి తేవాలి, అవి లక్కతో చేసినవి, పడితే పెంకులే.

గడియారమైతే లోలకం విప్పి విడిగా చుట్టండి, గంట కొట్టే సుత్తికి గుడ్డ ముక్క కట్టండి. నేను రెండో పని మర్చిపోయాను. రైలు కుదిపినప్పుడల్లా బెర్త్ కింద నుంచి టంగుమని ఒకటే మోత. షోలాపూర్ దాటాక పై బెర్త్ పెద్దావిడ తల వంచి, 'ఏం నాయనా, ఎన్నింటికి ఆగుతుందట అది?' అని అడిగింది. లేచి నా జేబురుమాలు కట్టేశాను.