చెవి ముక్క నుంచి దూడ దాకా: గేదెల హ్యాండ్‌మేడ్ క్లోనింగ్ ఎలా చేస్తారు

గేదెను క్లోన్ చేయడానికి దాని చెవి అంచు నుంచి గోరంత చర్మం చాలు. కష్టమంతా మంచి అండాలు సంపాదించడంలో, ఆ తర్వాత పది నెలల చూడిని నిలబెట్టడంలో ఉంది. అండంలోని క్రోమోజోములు తీసేసి, దాని స్థానంలో చర్మ కణాన్ని కలిపి పిండంగా పెంచడమే ఈ పద్ధతి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ ముర్రా గేదెల మీద సాధించిన ఈ హ్యాండ్‌మేడ్ (చేత్తో చేసే) క్లోనింగ్‌కు, కణాలను సూదులతో కదిపే ఖరీదైన మైక్రోమానిప్యులేటర్ అక్కర్లేదు. మంచి స్టీరియో మైక్రోస్కోపు, సన్నటి పదునైన బ్లేడు, వణకని చెయ్యి ఉండాలి. 2009 ఫిబ్రవరి 6న అక్కడ పుట్టిన మొదటి దూడ కొద్ది రోజులకే పోయింది. జూన్ 6న పుట్టిన గరిమ నిలిచింది. ఆ తర్వాత పుట్టిన మరో క్లోన్ గరిమ-2, 2013లో మహిమ అనే దూడను ఈనింది.

ముందు కణాలు. చెవి ముక్కను యాంటీబయాటిక్ కలిపిన సెలైన్‌లో తెచ్చి, వెంట్రుకలు, మృదులాస్థి తీసేసి, మిల్లీమీటరు తునకలుగా తరగాలి. తునకలు డిష్‌కు అంటుకునేదాకా మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) నిండా పోయకూడదు. తొందరపడి పోస్తే అవి తేలిపోతాయి, కణాలు రావు. డిఎంఇఎం-ఎఫ్12 అనే మీడియంలో 10 నుంచి 20 శాతం ఎఫ్‌బిఎస్ (దూడ పిండపు సీరం) కలిపి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటర్‌లో ఉంచితే వారం పది రోజుల్లో తునకల అంచున ఫైబ్రోబ్లాస్టులు అనే చర్మ కణాలు పరుచుకుంటాయి. ట్రిప్సిన్ అనే ఎంజైముతో విడదీసి, తొలి పాసేజీల్లోనే (కొత్త డిష్‌లోకి మార్చి పెంచే తొలి విడతల్లోనే) గడ్డకట్టినా కణాలు చెడకుండా కాపాడే డిఎంఎస్‌ఓ 10 శాతం కలిపి ద్రవ నైట్రోజన్‌లో దాచుకోవాలి. ఎక్కువసార్లు పెంచిన కణాల్లో క్రోమోజోములు తేడా చేస్తాయి. వాడే ముందు డిష్ నిండిపోయాక కొన్ని రోజులు అలాగే వదిలేస్తే విభజన ఆగుతుంది. ఆ దశలో ఉన్న కణమే అండంతో సర్దుకుపోతుంది.

గేదె అండాశయాలు కబేళా నుంచి వస్తాయి. గోరువెచ్చని సెలైన్‌లో పెట్టి నాలుగైదు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. 2 నుంచి 8 మిల్లీమీటర్ల ఫాలికల్స్‌ను (అండాలుండే నీటి బుడగలను) 18 గేజ్ సూదితో పీల్చి, చుట్టూ మూడు నాలుగు వరసల క్యుములస్ కణాలు (అండాన్ని కప్పి ఉండే కణాలు) ఉండి లోపల ఒకే రంగులో కనిపించే అండాలనే ఏరుకోవాలి. గేదెకు ఆవు కంటే చాలా తక్కువ అండాలు దొరుకుతాయి, కాబట్టి ఒక్క బ్యాచ్‌కే చాలా అండాశయాలు పడతాయి. ఆవు విషయంలో మన దేశంలో కబేళా దారి లేనట్టే. అందుకే 2023లో పుట్టిన గిర్ క్లోన్ ‘గంగ’ కోసం బతికున్న ఆవు నుంచే అల్ట్రాసౌండ్ సాయంతో అండాలు తీశారు.

అండాలను టిసిఎం-199 అనే మీడియంలో ఎఫ్‌ఎస్‌హెచ్‌ హార్మోను, సీరం కలిపి 38.5 డిగ్రీల దగ్గర 21 నుంచి 24 గంటలు పక్వం చేయాలి. మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాముల హైలురోనిడేజ్ ఎంజైముతో క్యుములస్ ఊడదీసి, 2 మిల్లీగ్రాముల ప్రొనేజ్ ఎంజైముతో పైపొర కరిగించాలి. పొర మెత్తబడి అండం ఆకారం సడలగానే కడిగేయాలి. ఆలస్యమైతే అండమే పగులుతుంది. పొర పోయాక ఒక పక్క చిన్న ముక్కులా ఉబ్బు కనిపిస్తుంది. క్రోమోజోములు ఉండేది అక్కడే. అండాన్ని కోతకు అనువుగా మెత్తబరిచే సైటోకలాసిన్ బి కలిపిన చుక్కలో ఆ ఉబ్బుతో సహా మూడో వంతు కోసి పారేయాలి. మొద్దు బ్లేడు అండాన్ని నలిపి అందులోని ద్రవ్యాన్ని చిందిస్తుంది.

ఇలా మిగిలిన అండపు ముక్కను ఫైటోహీమాగ్లుటినిన్ అనే, కణాలను అంటించే పదార్థంలో కొన్ని సెకన్లు ముంచి, ఒక ఫైబ్రోబ్లాస్టుకు అంటించాలి. ఫైబ్రోబ్లాస్టుకు అవతలి వైపు అలాంటి మరో అండపు ముక్క. ఈ మూడింటిని ఒకటిగా కలపడానికి ఫ్యూజన్ మీడియంలో వరసగా నిలబెట్టి, సెంటీమీటరుకు 3.36 కిలోవోల్టుల డిసి పల్స్ 4 మైక్రోసెకన్లు ఇస్తారు. ఈ లెక్క మెషీన్‌ను బట్టి మారుతుంది, కాబట్టి ముందు పనికిరాని అండాలతో సరిచూసుకోవాలి. ఆరు గంటలయ్యాక కాల్షియం అయనోఫోర్, ఆపైన 6-డిఎంఎపి అనే రసాయనాల్లో వరసగా 5 నిమిషాలు, 4 గంటలు ఉంచి విభజన మొదలయ్యేలా చైతన్యపరిస్తే, ఏడెనిమిది రోజులకు బ్లాస్టోసిస్టులు (గర్భాశయంలో పెట్టడానికి తయారైన పిండాలు) తయారవుతాయి. వీటికి పైపొర లేదు కాబట్టి పిండాలు ఒకదానికొకటి అంటుకోకుండా డిష్‌లో ఎడంగా పెట్టాలి.

జన్యు మార్పు చేయాలనుకుంటే అది పిండంలో కంటే ఫైబ్రోబ్లాస్టులోనే చేయడం మేలు. క్రిస్పర్ అనే జన్యు కత్తిరింపు పద్ధతితో మార్చిన కణాన్ని విడిగా పెంచి, డిఎన్‌ఏ పూర్తిగా చదివి, సరైనదైతేనే క్లోన్ చేయవచ్చు. ఫలదీకరణ అయిన పిండంలోకి నేరుగా ఇంజెక్ట్ చేస్తే దూడ శరీరంలో కొన్ని కణాలు మారి కొన్ని మారకుండా మిగలొచ్చు. డిఎన్‌ఏ చదవడం కూడా అజాగ్రత్తగా చేయకూడదు. అమెరికాలో కొమ్ములు రాకుండా జన్యువు మార్చిన ఎద్దుల్లో ప్లాస్మిడ్ (జన్యువును మోసుకెళ్లడానికి వాడిన బాక్టీరియా డిఎన్‌ఏ) ముక్క, దానితోపాటు యాంటీబయాటిక్ నిరోధక జన్యువులు దూరిన సంగతి 2019లోగానీ బయటపడలేదు.

పిండాన్ని, దాన్ని మోయబోయే గేదెకు ఎద వచ్చిన ఏడో రోజున, కార్పస్ ల్యూటియమ్ (అండం విడుదలైన చోట ఏర్పడే, చూడిని నిలిపే గ్రంథి) ఉన్న వైపు గర్భాశయపు కొమ్ములోకి పంపాలి. ముప్పై రోజులకు స్కాన్‌లో గుండె కొట్టుకుంటున్నా నమ్మకం పెట్టుకోకూడదు, ఎక్కువ చూడులు మూడో నెలలోపే పోతాయి. చర్మ కణంగా ఉన్నప్పటి జన్యు గుర్తులు పూర్తిగా చెరగకపోవడంతో మాయ సరిగ్గా ఎదగదు. ఏడో నెల తర్వాత కడుపు అసహజంగా పెరిగితే నీరు చేరిందేమో చూడాలి. దూడ పెద్దదైతే సిజేరియన్ కోసం పశువైద్యుణ్ని ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. బొడ్డుతాడు లావుగా ఉండి రక్తం ఆగకపోవచ్చు, ఊపిరితిత్తులు సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. అందుకే ఆక్సిజన్, క్లాంపులు కొట్టంలో పెట్టుకోవాలి. మొదటి జున్నుపాలు గంట రెండు గంటల్లోపు తాగించాలి. దూడ కోలుకున్నాక రక్తం తీసి, చెవి ముక్క ఇచ్చిన పశువుతో మైక్రోశాటిలైట్ అనే డిఎన్‌ఏ పరీక్షలో సరిపోల్చాలి. కణానికి శక్తినిచ్చే, సొంత డిఎన్‌ఏ ఉన్న మైటోకాండ్రియా మాత్రం అండం ఇచ్చిన గేదెవే కాబట్టి అక్కడ తేడా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.