రోడ్స్ పాతపట్నం: కోటగోడల లోపల ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి

గ్రీస్ ట్రిప్ అనగానే మనవాళ్లలో చాలామంది ఏథెన్స్ తర్వాత నేరుగా శాంటోరినికి టికెట్ వేసేస్తారు. శాంటోరిని బాగోదని నేననను. కానీ పాత రాళ్లన్నా, సందుల్లో తిరగడమన్నా, ఒకే ఊరిలో నాలుగైదు రాజ్యాల ఆనవాళ్లు చూడటమన్నా ఇష్టం ఉంటే రోడ్స్‌కు వెళ్లండి. టర్కీ తీరానికి బాగా దగ్గరగా ఉండే పెద్ద దీవి ఇది. దీవి ఉత్తర కొసన రోడ్స్ పట్నం, ఆ పట్నం మధ్యలో చుట్టూ కోటగోడ ఉన్న పాతపట్నం. 1988లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు, సాయంత్రమైతే ముసలివాళ్లు గుమ్మాల దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, పిల్లలు బంతి ఆడుకుంటారు.

అయితే ఎక్కువమంది ఈ ఊరిని చూసే పద్ధతే సరైనది కాదు. బీచ్ రిసార్టులో దిగి ఒక పూట ఇటు వస్తారు, లేదంటే క్రూయిజ్ షిప్ దిగి పదకొండింటికి లోపలికొచ్చి నాలుగింటికి వెళ్లిపోతారు. ఆ గంటల్లో ఊరంతా తోపులాట, ఎండ, ఫ్రిజ్ మాగ్నెట్లు. పొద్దున ఎనిమిదిలోపు, రాత్రి తొమ్మిది తర్వాత అదే ఊరు పూర్తిగా వేరేగా ఉంటుంది. అందుకే నేను చెప్పే మొదటి మాట, గట్టిగా చెప్పే మాట కూడా ఇదే: గోడల లోపలే గది తీసుకోండి, కనీసం రెండు రాత్రులు ఉండండి.

లోపలి హోటళ్లలో చాలావరకు పాత ఇళ్లను బాగుచేసి తీర్చిదిద్దినవే. మధ్యలో చిన్న వాకిలి, నిమ్మచెట్టు, మందమైన రాతిగోడలు. బుక్ చేసేముందు రెండు విషయాలు అడగండి. ఒకటి, ఏ ద్వారం దగ్గరవుతుంది అని. టాక్సీలు చాలా సందుల్లోకి రావు, ద్వారం దగ్గర దింపేస్తాయి, అక్కడి నుంచి గులకరాళ్లు పరిచిన దారిలో మీ సామాను మీరే లాక్కెళ్లాలి. చక్రాల పెద్ద సూట్‌కేసుతో అది నరకం, కాబట్టి వీలైతే బ్యాక్‌ప్యాక్‌తో రండి. రెండోది, పక్కన బార్లున్నాయా అని. ఎండాకాలం కొన్ని చోట్ల తెల్లవారుజాము దాకా మ్యూజిక్ ఆగదు. దక్షిణం వైపు వీధులు మామూలుగా ప్రశాంతంగా ఉంటాయి. మెత్తటి అడుగున్న షూస్ తప్పనిసరి, చెప్పులతో ఆ గులకరాళ్ల మీద రోజంతా నడిస్తే అరికాళ్లు మండిపోతాయి.

మొదటి రోజు పొద్దున్నే లేచి నైట్స్ వీధికి, అంటే యోధుల వీధికి, వెళ్లండి, ఏడింటికైతే మరీ మంచిది. సెయింట్ జాన్ యోధులు, అంటే జెరూసలేంలో ఆసుపత్రి నడిపే సంఘంగా మొదలై తర్వాత కత్తిపట్టిన క్రైస్తవ సన్యాసులు, 1309 నుంచి 1522 దాకా ఈ దీవిని ఏలారు. యూరప్‌లో ఎవరు ఏ భాషా ప్రాంతం నుంచి వచ్చారో దాన్నిబట్టి జట్లుగా ఉండేవారు, ఫ్రాన్స్, ఇటలీ, ఇంగ్లండ్, ప్రోవెన్స్, ఇలా. ఒక్కో జట్టుకు ఒక్కో సత్రం. ఆ సత్రాలు వరసగా ఉన్న వీధే ఇది. పొడవు రెండు వందల మీటర్లే, కానీ దుకాణాల హడావిడి లేదు, ప్లాస్టిక్ బోర్డులు లేవు, రెండువైపులా రాతి ముఖద్వారాలు, వాటి మీద చెక్కిన వంశచిహ్నాలు. ఫ్రాన్స్ సత్రం దగ్గర కాసేపు ఆగండి, నగిషీ అన్నిటికన్నా అక్కడే ఎక్కువ. వీధి కింది కొస నుంచి పైకి నడవండి, ఎందుకంటే పైకెళ్లేకొద్దీ గ్రాండ్ మాస్టర్ కోట, అంటే యోధుల అధిపతి ఉన్న కోట, దగ్గరవుతుంది.

ఆ కోట గురించి ఒక నిజం ముందే తెలిసి ఉంటే మంచిది. మీరు చూసేదంతా పధ్నాలుగో శతాబ్దపు కట్టడం కాదు. 1856లో దగ్గర్లో నిల్వ ఉన్న తుపాకీమందు పేలి అక్కడి చర్చి నేలమట్టమైంది, కోట కూడా చాలావరకు కూలింది. ఇటలీవాళ్లు 1912 నుంచి ఈ దీవిని పాలించారు కదా, వాళ్లే 1937–40 మధ్య దాన్ని తమకు నచ్చినట్టు మళ్లీ కట్టారు, తమ రాజుకూ నియంత ముస్సోలినీకీ విడిదిగా ఉంటుందని. అందుకని లోపల కాస్త సినిమా సెట్టులా అనిపిస్తే అది మీ తప్పు కాదు. అయినా టికెట్ కొని వెళ్లండి అనే చెప్తాను, నేల మీది మొజాయిక్‌ల కోసం. పక్కనున్న కోస్ దీవిలో దొరికిన పురాతన మొజాయిక్‌లను తెచ్చి ఇక్కడి గదుల్లో పరిచారు. పాముల జుట్టున్న మెడూసా తల, తొమ్మిదిమంది కళాదేవతలు, చిన్నచిన్న రంగురాళ్లతో. గోడలు ఎవరు కట్టినా పాదాల దగ్గరున్న పని మాత్రం అసలైనది.

ఇక నా లెక్కలో ఊరు మొత్తంలో వదలకూడని చోటు పురావస్తు మ్యూజియం. నైట్స్ వీధి కింది కొసలోనే ఉంటుంది. పదిహేనో శతాబ్దంలో యోధులు కట్టిన ఆసుపత్రి భవనం అది, 1440లో మొదలుపెట్టారు. పై అంతస్తులో రోగుల్ని పడుకోబెట్టిన పొడవాటి హాలు అలాగే ఉంది. చాలామంది ఇక్కడ స్నానం చేస్తున్న ప్రేమదేవత ఆఫ్రొడైట్ విగ్రహం కోసమే వస్తారు. మోకాళ్ల మీద కూర్చుని తడిజుట్టును రెండు చేతులతో విడదీసుకుంటున్న చిన్న పాలరాతి బొమ్మ, అర మీటరు కూడా ఉండదు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఒక సమాధి రాయి. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దానిది. చనిపోయిన తల్లి తిమరిస్త, ఆమెను పట్టుకుని నిలబడ్డ కూతురు క్రితో. కూతురు తల వంచింది, తల్లి చెయ్యి ఆమె భుజం వెనక్కి వెళ్లింది, అంతే. ఏడుపూ లేదు, ఆర్భాటమూ లేదు. అక్కడ ఆగకుండా వెళ్లిపోకండి. తర్వాత వెనకవైపు తోటలోకి వెళ్లి నీడలో కూర్చోండి. తెరిచే వేళలు, సెలవు రోజులు సీజన్‌ను బట్టి మారతాయి, ముందురోజు రాత్రే చూసుకోండి.

పైసా ఖర్చు లేకుండా చేయదగ్గది ఒకటుంది, అదే జనానికి తెలియదు. కందకంలో నడవడం. కోటగోడ చుట్టూ తవ్విన కందకంలో ఎప్పుడూ నీళ్లు నింపలేదు, ఇప్పుడది గడ్డి, చెట్లు ఉన్న పార్కు. డాంబ్వాజ్ ద్వారం దగ్గర దిగి దక్షిణంగా నడుచుకుంటూ పోండి. ఒకవైపు తలెత్తి చూడాల్సినంత ఎత్తు గోడ, అక్కడక్కడా గడ్డిలో పెద్దపెద్ద రాతి గుండ్లు. 1480లో ఒట్టోమన్ల, అంటే అప్పటి టర్కీ సామ్రాజ్యం వాళ్ల, ముట్టడిని ఈ గోడలు తట్టుకున్నాయి. 1522లో సుల్తాన్ సులేమాన్ స్వయంగా వచ్చాడు, ఆరు నెలలు ముట్టడి సాగింది, చివరికి యోధులు ఒప్పందం చేసుకుని 1523 జనవరి 1న ఓడలెక్కి వెళ్లిపోయారు. ఆ కథంతా పుస్తకంలో చదివితే తేదీలే. కందకం అడుగున నిలబడి పైకి చూస్తే, ఈ గోడ ఎక్కాల్సి వచ్చిన సైనికుడు ఎంత భయపడి ఉంటాడో అర్థమవుతుంది. సాయంత్రం అయిదు తర్వాత వెళ్లండి, నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి.

సోక్రటస్ వీధి బజారు వీధి, ఎలాగూ తగులుతుంది, దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పై కొసన గులాబీరంగు సులేమాన్ మసీదు, దాని ఎదురుగా 1793 నాటి ముస్లిం గ్రంథాలయం ఉంటాయి, రెండూ చూడండి. కింది కొసన హిప్పోక్రటిస్ కూడలి. అక్కడి రెస్టారెంట్ల ముందు మనుషులు నిలబడి చేతులు పట్టుకున్నంత పని చేస్తారు. నవ్వి, తల అడ్డంగా ఊపి, ముందుకెళ్లిపోండి.

ఆ కూడలి దాటి తూర్పుకు నడిస్తే యూదుల పేట వస్తుంది, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. స్పెయిన్ 1492లో యూదుల్ని వెళ్లగొట్టాక వాళ్లలో కొందరు ఒట్టోమన్ల కాలంలో ఇక్కడికి చేరారు, తరతరాలుగా ఇళ్లలో పాత స్పానిష్ నుంచి వచ్చిన లాడినో భాష మాట్లాడుకున్నారు. 1577లో కట్టిన కహాల్ షాలోమ్ ప్రార్థనామందిరం ఇంకా ఉంది, గ్రీస్‌లో వాడుకలో ఉన్నవాటిలో అదే పాతది. 1944 జులైలో నాజీలు ఈ పేట నుంచి 1,600 మందికి పైగా యూదుల్ని ఆష్విట్జ్ మరణశిబిరానికి తరలించారు, తిరిగి బతికి బయటపడ్డవాళ్లు చాలా తక్కువ. అప్పటి టర్కీ కాన్సుల్ సెలాహత్తిన్ ఉల్కుమెన్ సుమారు నలభైమందిని, వీళ్లు టర్కీ పౌరులు, వాళ్ల కుటుంబీకులు అని వాదించి కాపాడాడు. ఈ పేట కూడలిలో వాళ్ల నల్లరాతి స్మారకం ఉంది. దాని చుట్టూ కాఫీ టేబుళ్లు, చాలామంది చూడకుండానే దాటిపోతుంటారు. మీరు ఆగండి. ప్రార్థనామందిరం పక్క మ్యూజియంలో ఆ కుటుంబాల పెళ్లి ఫొటోలు, ఇంటి వస్తువులు ఉంటాయి, ఒక గంట కేటాయించండి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా రాళ్ల మధ్య తిరగొద్దు. మనకు ఎండ కొత్త కాకపోయినా అక్కడి రాతిగోడలు వేడిని పట్టి మీద గుమ్మరిస్తాయి. ఆ సమయంలో సముద్రంలో దిగండి. ఎల్లి బీచ్ గోడల నుంచి నడిచి వెళ్లేంత దూరమే, గులకరాళ్ల తీరం, నీళ్లు అద్దంలా ఉంటాయి, కానీ త్వరగా లోతవుతుంది కాబట్టి ఈత రానివాళ్లు, పిల్లలు ఒడ్డు దగ్గరే ఉండాలి. దారిలో మండ్రాకి రేవు వస్తుంది. రేవు మూతి దగ్గర రెండు స్తంభాల మీద జింకల బొమ్మలు, పక్కన మూడు గాలిమరలు. రోడ్స్ మహావిగ్రహం, అదే ప్రాచీన ఏడు వింతల్లో ఒకటైన సూర్యదేవుడి కంచు విగ్రహం, ఇక్కడే రెండు కాళ్లూ చాపి నిలబడిందనీ, కాళ్ల మధ్య నుంచి ఓడలు వెళ్లేవనీ గైడ్లు చెప్తారు. అది తర్వాతి కాలం ఊహ. శత్రువు ముట్టడి ఎత్తేసి వదిలిపోయిన యంత్రాలను అమ్మిన డబ్బుతో, ఇదే దీవిలోని లిండోస్‌కు చెందిన ఖారిస్ అనే శిల్పి క్రీ.పూ. 280 ప్రాంతంలో దాన్ని పూర్తిచేశాడు. ముప్పై మీటర్లకు పైగా ఎత్తు. యాభై, అరవై ఏళ్లకే భూకంపంలో మోకాళ్ల దగ్గర విరిగి పడిపోయింది. సరిగ్గా ఎక్కడ నిలబడిందో ఇప్పటికీ తేలలేదు.

శాకాహారులు తిండి గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఏడాదిలో ఉపవాస దినాలు చాలా ఎక్కువ, ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ఏవీ తినరు, అందుకే ఆ వంటలకు విడిగా నిస్తీసిమ అనే పేరే ఉంది. ఆ మాట చెప్పి అడిగితే వడ్డించేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, అయితే ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి తినొచ్చని వాళ్ల నియమం కాబట్టి అవి వద్దని కూడా చెప్పండి. రోడ్స్ ప్రత్యేకత పితరూదియ, శనగలు, ఉల్లి, టమాటా, పుదీనా కలిపి వేయించినవి, మన మసాలా వడకు దూరపు చుట్టం అనుకోవచ్చు. కారం ఉండదు, అందుకే పచ్చడి పొట్లం ఒకటి బ్యాగులో ఉంటే హాయి. బ్రియం అని కూరగాయలు ఆలివ్ నూనెలో బేక్ చేసి పెడతారు, యెమిస్త అని టమాటాల్లో, కాప్సికంలో అన్నం కూరి చేస్తారు, ఇందులో కొన్నిచోట్ల కీమా కలుపుతారు, అడగాలి. నువ్వులు, తేనెతో చేసే మెలెకూని పెళ్లిళ్లలో పంచే స్వీటు, ఇంటికి తేవడానికి మాగ్నెట్ల కంటే అదే మేలు. చేపలు తినేవాళ్లు ధర కిలోకా, ప్లేటుకా అని ముందే కనుక్కోండి, లేకపోతే బిల్లు చూసి గుండె ఆగుతుంది.

మూడో రోజు ఉంటే లిండోస్. సుమారు యాభై కిలోమీటర్లు, తూర్పు తీరానికి వెళ్లే బస్సులు కొత్త మార్కెట్ పక్క నుంచి బయల్దేరతాయి. మొదటి బస్సే పట్టుకోండి. కొండ మీద ఎథీనా దేవత గుడి శిథిలాలు, దాని చుట్టూ యోధుల కోట, కింద తెల్లటి ఊరు. పైకి వెళ్లే దారిలో మెట్ల పక్కన కొండరాతిలో చెక్కిన ఓడ వెనకభాగం కనిపిస్తుంది, క్రీ.పూ. రెండో శతాబ్దం నాటిది, దాన్ని చూడటం మర్చిపోకండి. గాడిదల మీద ఎక్కించుకెళ్తామంటారు, ఆ ఎండలో ఆ జంతువుల అవస్థ చూస్తే ఎక్కబుద్ధి కాదు, మెల్లగా నడిచినా ఎక్కగలిగే కొండే.

ఇక ప్రయాణం సంగతి. మే, జూన్ మొదట్లో, లేదా సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య దాకా మంచి కాలం. జులై, ఆగస్టుల్లో ధరలూ ఎక్కువే, వేడీ ఎక్కువే, 2023 జులైలో కార్చిచ్చు వల్ల వేలమందిని దీవి దక్షిణ భాగం నుంచి ఖాళీ చేయించారు కూడా. చలికాలంలో చాలా హోటళ్లు మూసేస్తారు. ఏథెన్స్ నుంచి విమానం సుమారు గంట, ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి ఓడ అయితే ఒక రాత్రంతా. ఎయిర్‌పోర్టు ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు, సిటీ బస్సు ఉంది.

వీసా విషయంలో ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంగెన్ వీసా, అంటే గ్రీస్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు పనికొచ్చే ఒకే వీసా, కావాలి, అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నా సరే. రోడ్స్ నుంచి టర్కీలోని మర్మారిస్‌కు ఫెర్రీ గంట ప్రయాణమే కాబట్టి అక్కడికెళ్లాక చాలామందికి ఒకసారి వెళ్లొద్దామనిపిస్తుంది. ఓడ ఎక్కారంటే షెంగెన్ దాటినట్టే. మీది సింగిల్ ఎంట్రీ వీసా అయితే తిరిగి రోడ్స్‌లోకి రానివ్వరు, మీ సామానేమో హోటల్లో ఉంటుంది. ఆ ఆలోచన ఉంటే దరఖాస్తు చేసేటప్పుడే మల్టిపుల్ ఎంట్రీ అడగండి, టర్కీ వీసా కూడా ఇంటి దగ్గరే తీసుకుని బయల్దేరండి.